జవాబు కరెక్టే వచ్చింది, అయినా కన్సల్టింగ్ ఫైనల్ రౌండ్‌లో తీసేశారు. ఎందుకు?

చివరిమెట్టు:
నాలుగు నెలలు ప్రిపేరయ్యాను. ఒక పెద్ద మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ కంపెనీలో (పేరు వద్దులెండి) ఆన్‌లైన్ టెస్టు, మొదటి రౌండ్ కేసులు (ఒక వ్యాపార సమస్య ఇచ్చి అక్కడికక్కడే విప్పమంటారు) దాటి పార్ట్‌నర్ల (కంపెనీలో పైస్థాయి వాళ్ళ) దాకా వెళ్ళాను. నిన్న ఫోన్ వచ్చింది. స్ట్రక్చర్ బాగుందట, కానీ మనిషితో మాట్లాడుతున్నట్టు అనిపించలేదట.

కేసు ఏంటంటే కళ్ళజోళ్ళ షాపుల చెయిన్, రెండేళ్ళుగా లాభం తగ్గుతోంది, ఎందుకో చెప్పాలి. నిమిషంన్నర టైమ్ అడిగి ఆదాయం ఒకవైపు, ఖర్చులు ఒకవైపు, వాటి కింద కొమ్మలు నీట్‌గా గీశాను. మధ్యలో ఇంటర్వ్యూ చేస్తున్న పార్ట్‌నర్ ఒక టేబుల్ ఇచ్చారు, అందులో కస్టమర్లు తగ్గలేదు, సగటు బిల్లు తగ్గింది. అది చదివి ఖర్చుల వైపు వెళ్ళబోతుంటే "ఇందులో మీకేమైనా వింతగా కనిపిస్తోందా?" అన్నారు. "అక్కడికే వస్తానండి, ముందు ఖర్చులు చూసేస్తాను" అన్నాను. కాసేపాగి మళ్ళీ అదే అడిగారు. చివరికి అక్కడికే వచ్చి, ఖరీదైన లెన్సులు కొనేవాళ్ళు తగ్గి మామూలువి కొనేవాళ్ళు పెరిగారని తేల్చాను, ఆయన కూడా అవునన్నారు. మరి ఎక్కడ పోయింది?

సున్నాబాధితుడు:
ఆయన రెండోసారి అడిగిన చోటే పోయింది బ్రదర్. అది ప్రశ్న కాదు, చెయ్యి పట్టుకుని దారి చూపించడం.

నాదింకా ఘోరం. 80 షాపులు, ఒక్కోదానికి రోజుకు 25 మంది, ఏడాదికి 300 రోజులు, మొత్తం ఎంతమంది? కాలిక్యులేటర్ ఇవ్వరు కదా, నోట్లో ఆరు లక్షలు అనుకుంటూనే టెన్షన్‌లో కాగితం మీద 6 మిలియన్ అని రాసేశాను. మనం లక్షల్లో ఆలోచించి మిలియన్లలో చెప్పాల్సి రావడమే పెద్ద గోల. "ఒకసారి చూసుకుంటారా?" అని ఇంటర్వ్యూ చేస్తున్నావిడ అడిగితే, చూడకుండానే "ష్యూర్" అన్నాను. షాపుకి రోజుకు 250 మంది అయితే తప్ప అంత రాదని ఇంటికొచ్చాక వెలిగింది. లెక్క తప్పినందుకు కాదు, చూసుకోమన్నా చూసుకోనందుకు పంపించేసి ఉంటారని నా నమ్మకం.

ఊరికేఒకమాట:
ఇదంతా లాటరీ అండీ. నా ఫైనల్‌లో ఒకాయన సగం సేపు ఫోనే చూసుకున్నాడు. ఆ రోజు ఆయన మూడ్ బాగుంటే వస్తుంది, లేకపోతే లేదు. దానికి ఇంత పోస్టుమార్టం అనవసరం.

మాజీకన్సల్టెంట్:
అదృష్టం అసలు లేదనను, కానీ అంతా అదే అయితే ఒక్కో అభ్యర్థిని అంతమంది విడివిడిగా చూడటం ఎందుకు? నేను కొన్నాళ్ళు బల్లకి అవతలి వైపు కూర్చున్నాను కాబట్టి చెప్తున్నా.

ముందు ఒక విషయం. అన్ని కంపెనీల్లో కేసు ఒకేలా నడవదు. మెకిన్సీలో ఎక్కువగా ఇంటర్వ్యూయరే ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వేస్తూ నడిపిస్తారు. బీసీజీ, బెయిన్‌లలో ఎక్కువగా పగ్గాలు మీకే ఇస్తారు, ఎటు వెళ్ళాలో మీరే చెప్పాలి. చివరిమెట్టు గారు పగ్గాలు పట్టుకున్నారు, బాగానే ఉంది, కానీ ఎదుటాయన "అటు గొయ్యి ఉంది" అంటుంటే వినిపించుకోలేదు. రేపు క్లయింట్ ఆఫీసులో ఫైనాన్స్ హెడ్ అదే మాట అన్నా "వస్తానండి" అంటారేమోనని పార్ట్‌నర్‌కి భయం వేస్తుంది. జవాబు ఆయనకి ముందే తెలుసు, దాని కోసం మిమ్మల్ని కూర్చోబెట్టలేదు.

ఇంకోటి. మీసీ, మీసీ అని అందరూ జపం చేస్తారు (ఒకదాంట్లో ఒకటి కలవకుండా, ఏదీ వదలకుండా విడగొట్టడం). అది 1960లలో మెకిన్సీలో పనిచేసిన బార్బరా మింటో పెట్టిన మాట. ఆవిడ ఇంకో మాట కూడా గట్టిగా చెప్పింది, ముందు తేల్చి చెప్పు, కారణాలు తర్వాత అని. దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. చివర్లో రికమెండేషన్ అడిగితే కేసు మొత్తం మొదటి నుంచి చదివి వినిపిస్తారు. నాలుగో నిమిషానికి నేను కిటికీలోంచి చూసేదాన్ని, నిజం చెప్తున్నా.

చివరిమెట్టు:
అమ్మో, నేనూ అదే చేశాను. "మొదట ఆదాయం పరిశీలించాం" అని మొదలుపెట్టా 😅 మరి సొంత అనుభవాల ప్రశ్నలు? టీమ్‌లో గొడవ ఎలా తీర్చారంటే బట్టీపట్టిన కథ చెప్పాను, ఆయన "ఆ క్షణంలో మీరు సరిగ్గా ఏమన్నారు?" అని అడిగేసరికి నోరు పెగల్లేదు.

మాజీకన్సల్టెంట్:
తవ్వుతారు, తప్పదు. ఒక్క కథ మీదే పది, పదిహేను నిమిషాలు ఉంటారు. ఐదు కథలు పైపైన తయారుచేసుకునే కంటే రెండు తీసుకుని ఎవరు ఏమన్నారు, మీరెందుకు అలా చేశారు, అప్పుడు ఏమనుకున్నారు, అన్నీ గుర్తు తెచ్చుకోండి. "మేము చేశాం" అన్న ప్రతిసారీ "అందులో మీరు చేసిందేంటి?" అని వస్తుంది. మళ్ళీ అప్లై చేయాలంటే సాధారణంగా ఏడాది, రెండేళ్ళు ఆగమంటారు, మీ రిక్రూటర్‌నే అడగండి. ఈలోగా వేరే కంపెనీలకి రాయండి.

సున్నాబాధితుడు:
ప్రాక్టీసుకి పార్ట్‌నర్ కావాలంటే నాకు మెసేజ్ పెట్టు బ్రదర్. మధ్యలో అడ్డొచ్చి "ఇందులో వింతగా ఏమైనా ఉందా" అని అడిగే డ్యూటీ నాది, నా సున్నాలు లెక్కపెట్టే డ్యూటీ నీది.