పట్టాలు దాటితే జరిమానా వెయ్యాలా? మీరేమంటారు?

పొందూరు మాస్టారు: ఆమదాలవలస స్టేషన్లో, అదే మన శ్రీకాకుళం రోడ్డులో, పొద్దున్న కళ్ళారా చూశాను. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉండగానే చంటిపిల్లల్ని చంకనేసుకుని పట్టాల మీంచి దాటేస్తున్నారు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా. నలుగురికి వేస్తే మిగతావాళ్ళు మెట్లెక్కుతారు.

వంశధార: మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మని ఆ మెట్లెక్కించండి, ఆ వెయ్యీ నేను కడతాను.

చీపురుపల్లి కుర్రోడు: లైను పొడుగునా కంచె కట్టేస్తే సరి.

నెల్లిమర్ల రాజు: కంచె కడితే మేమెటెల్లాల బాబూ? మా ఊరి గేటు తీసేసి కింద సబ్‌వే తవ్వినారు. వానొస్తే నడుంలోతు నీళ్ళు. పొలాలేమో అవతల. ఆవుల్ని ఈదించమంటారేటి?

మాస్టారు: నేనడిగింది స్టేషన్ గురించి. 2013లో గొట్లాం, 2022లో బాతువ మరిచారా? ఆగిన రైలు దిగి పక్క లైన్లోకెళ్తే ఇంకో రైలు కొట్టేసింది.

వంశధార: వాళ్ళు టికెట్టున్న ప్రయాణికులండీ! గొట్లాంలో మంటలన్న పుకారుకి దూకారు. మీ 147 వాళ్ళకెందుకు?

మాస్టారు: పట్టాల మీదకొచ్చారా లేదా?

వంశధార: టికెట్టుందా లేదా?

గజపతినగరం: ఇది తేలేలోపు టీ తాగొస్తా.

పాత ట్రాక్‌మన్: వేగంలో ఉన్న రైలుకి ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగేసరికి కిలోమీటరు దూరం పోవచ్చు. ఒక బండి పోగానే దాటేస్తారు, దాని చాటున రెండో లైన్లో వచ్చేది కనపడదు. దుప్పట్లో ముక్కలు ఏరింది మేము. రాజుగారూ, వాన మాట వంక. అసలుది బద్ధకం.

రాజు: బద్ధకమా? మా చిన్నాన్న పాలకేను పట్టుకుని దాటుతుంటే పోయాడు. ఆ రోజు సబ్‌వే నిండా నీళ్ళు. కాయితం మీద ‘అక్రమంగా ప్రవేశించిన వ్యక్తి’ అని రాసినారు. పరిహారం అడిగితే ఆ ముక్కే చూపించినారు. ఆ లైను పడింది మా ముత్తాతల పొలంలోన. ఎవుల జాగాలోకి ఎవులొచ్చినట్టు?

ట్రాక్‌మన్: మీ చిన్నాన్నని అనలేదు బాబూ. నాకు తెలిసిన లోకో పైలట్ ఒకాయన అలాంటిదాని తర్వాత చాన్నాళ్ళు సరిగ్గా నిద్రపోలేదు. తప్పు దాటినాయనది కాదంటే, బండి నడిపినాయనదంటారా?

రాజు: ఆయన్ని నేనెప్పుడన్నాను? ఆ గేటు తీసేసినోళ్ళని అడుగుతున్నాను.

వంశధార: సబ్‌వేలో ఇప్పుడు నీళ్ళున్నాయా?

రాజు: మోకాళ్ళ దాకా.

మాస్టారు: స్టేషన్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.