ఎల్విస్ సన్ పాటలు, కసాల్స్ బాఖ్: ఏ రీఇష్యూ కొనాలి?

పాతపాటలపిచ్చి:
రెండేళ్లుగా పాత రికార్డింగుల రీఇష్యూలు, అంటే మళ్లీ విడుదల చేసినవి, పోగు చేస్తున్నాను. ఈమధ్య వరసగా రెండు దెబ్బలు తగిలాయి. ఎల్విస్ ప్రెస్లీ 1954-55లో మెంఫిస్‌లో సన్ రికార్డు కంపెనీకి పాడిన పాటలు ఒకే ఎల్పీలో దొరికాయని సంబరపడి తెప్పించుకుంటే, గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ వాయించిన, బాఖ్ రాసిన చెల్లో సూట్ల (వరస నృత్య రచనల) సీడీలో గరగర అస్సలు లేదు, కానీ చెల్లో కూడా దుప్పటి కప్పినట్టు మెత్తబడిపోయింది. రెండిటి మీదా ‘రీమాస్టర్డ్’ (శబ్దం మళ్లీ సరిచేసింది) అనే ఉంది. కొనేముందు ఏం చూసుకోవాలి?

షెల్లాక్78:
బ్రదర్, ఆ మాట నమ్మకండి. దేని నుంచి ఎక్కించారు, ఎవరు ఎక్కించారు, ఈ రెండూ చూడండి. యూరప్‌లో రికార్డింగుల కాపీరైట్ గడువు 50 ఏళ్ల నుంచి 70కి పెరిగేసరికే 1962 దాకా విడుదలైన వాటికి గడువు తీరిపోయింది, పోయిన హక్కు తిరిగి రాలేదు. అందుకే ఎల్విస్ తొలి పాటలు అక్కడ మాస్టర్ టేపు (అసలు రికార్డింగ్ టేపు) లేనివాళ్లు కూడా వేస్తారు, దొరికిన సీడీనే ఎల్పీగా కొట్టేవాళ్లూ ఉన్నారు.

కసాల్స్ సంగతి వేరే. అవి 1936-39 మధ్య లండన్, పారిస్‌లలో చేసిన 78 డిస్కులు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు), ఒక్కో వైపు నాలుగు నిమిషాలు పట్టేది. కమాను తీగను గీరే శబ్దం, డిస్కు గరగర ఒకే చోట కలిసి ఉంటాయి, ఒకటి పూర్తిగా తుడిస్తే రెండోదీ పోతుంది. వార్డ్ మార్స్టన్, మార్క్ ఓబర్ట్-థార్న్ లాంటి పాత రికార్డులు బాగుచేసే ఇంజనీర్లు మంచి డిస్కు వెతికి, స్పీడు సరిచేసి, కొంత గరగర కావాలనే ఉంచేస్తారు. కవర్ మీద అలాంటి పేరు ఉంటే నేను కళ్లు మూసుకుని కొంటాను. పది నిమిషాలు విన్నాక చెవికి ఆ గరగర గుర్తే ఉండదు.

మోనోమాధవి:
షెల్లాక్ గారు చెప్పింది నిజమే, కానీ బావి గొంతుకి ఇంకో కారణం ఉండొచ్చు. సన్ పాటలన్నీ మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం. 1960లలో స్టీరియో మోజు వచ్చాక పాత మోనో టేపునే తీసుకుని బాస్ ఒక వైపుకి, ట్రెబుల్ రెండో వైపుకి నెట్టి, పైన ప్రతిధ్వని కలిపి స్టీరియో పేరుతో అమ్మారు. మీ ఎల్పీ దాన్నుంచే వచ్చిందేమో. సన్ యజమాని శామ్ ఫిలిప్స్ రెండో టేపు మెషీన్‌తో తెచ్చిన ఆ చిన్న ఎకో చాలు ఆ పాటలకి, ఇంకోటి ఎందుకండీ! ఒక పని చేయండి, హెడ్‌ఫోన్‌లో ఒక్కో వైపే వినండి. ఆ పాటల్లో చాలావాటిలో డ్రమ్స్ లేవు, ఎల్విస్ బృందంలోని బిల్ బ్లాక్ బాస్ తీగల్ని చరిచే టకటకే తాళం. అది రెండు వైపులా ఒకేలా వినబడాలి.

కొనాలంటే మోనో అని స్పష్టంగా రాసి, ఏ టేపు నుంచో చెప్పినవే చూడండి. తొలి రాక్ అండ్ రోల్‌కి జర్మనీ కంపెనీ బేర్ ఫ్యామిలీ బాక్సులు ఖరీదెక్కువే, నేను మాత్రం డబ్బులు కూడబెట్టుకుని ఏడాదికి ఒకటి తీసుకుంటాను.

పాతపాటలపిచ్చి:
ఇప్పుడే విన్నాను మాధవి గారూ. ఎడమ వైపు బాస్ గుమ్ గుమ్ అంటోంది, టకటక మొత్తం కుడి వైపే ఉంది. ఎల్పీ వాపసు పంపిస్తున్నాను. షెల్లాక్ గారూ, కసాల్స్‌లో మొదట ఏ సూట్ విని పోల్చుకోమంటారు?

షెల్లాక్78:
ఐదోదాని సరబాండ్ (అందులోని నెమ్మది నృత్య భాగం). అందులో స్వరాలు ఒక్కొక్కటిగానే వస్తాయి, దాచుకోవడానికి ఏమీ ఉండదు.