కల్చర్ రిపోర్టులో ‘ససెప్టిబుల్’ అంటే మందు పనిచేసి తీరుతుందనా?

గోదారిగట్టు: అమ్మకి యూరిన్ ఇన్‌ఫెక్షన్. కల్చర్‌లో ఈ-కోలై వచ్చింది. రిపోర్టులో నైట్రోఫ్యూరంటాయిన్‌కి ఎంఐసీ (క్రిమి పెరగకుండా ఆపే అతి తక్కువ మందు గాఢత) 16, పక్కన ‘ఎస్’ (ససెప్టిబుల్, అంటే లొంగుతుంది). సిప్రోఫ్లాక్సాసిన్‌కి 0.5, పక్కన ‘ఐ’ (ఇంటర్మీడియట్, అంటే మధ్యస్థం). డాక్టరుగారు మొదటిదే రాశారు. అంకె తక్కువుంటే మందు గట్టిగా పనిచేస్తుందని కదా? మరి 16 ఉన్నదాన్ని ఎందుకిచ్చినట్టు?

స్లైడుబాబు: ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి రోజూ వినే ప్రశ్నే ఇది. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడకూడదండీ. ఏ మందు హద్దు దానిదే. ఈ హద్దులు నిర్ణయించే అమెరికా సంస్థ సీఎల్ఎస్ఐ పట్టికలో ఈ-కోలైకి నైట్రోఫ్యూరంటాయిన్ 32 వరకూ ఎస్. సిప్రో 0.25 దాటితే ఎస్ కాదు, 1కి చేరితే ఏకంగా ఆర్ (రెసిస్టెంట్, అంటే లొంగదు). నైట్రోఫ్యూరంటాయిన్ మూత్రంలో బాగా పోగవుతుంది, అందుకే దానికంత పెద్ద హద్దు.

మొండిఘటం: ఆ సిప్రో హద్దు 2019కి ముందు 1. అంటే ఇదే 0.5 అప్పుడైతే ఎస్సే! క్రిమి మారలేదు, కాగితం మారింది. దీన్ని నమ్మి మందులు మింగాలా?

స్లైడుబాబు: క్రిమి మారకపోయినా మన లెక్క మెరుగుపడింది. మామూలు మోతాదులో మందు ఒంట్లో ఎంత చేరుతుంది, అలాంటి క్రిములున్న రోగులకి నిజంగా నయమైందా అని చూసే హద్దు దించారు. ప్లేటులో క్రిమి చావడం వేరు, మనిషికి తగ్గడం వేరు. టైఫాయిడ్ క్రిమినే తీసుకోండి. ప్లేటులో జెంటామైసిన్‌కి చక్కగా లొంగుతుంది, రోగికి మాత్రం తగ్గదు. కణాల లోపల దాక్కున్నదాన్ని ఆ మందు సరిగ్గా అందుకోలేదు. అందుకే దాన్ని ఎస్ అని రిపోర్టు చేయొద్దని ల్యాబులకి స్పష్టంగా చెప్పారు.

మొండిఘటం: సరే. మరి యూరప్ వాళ్లు 2019లో ‘ఐ’కి అర్థమే మార్చేశారు కదా? మోతాదు పెంచితే లొంగుతుందని. వాళ్ల లెక్కన ఈ సిప్రో కూడా పనికొచ్చేదే.

స్లైడుబాబు: మీరన్నది నిజమే, యూరప్ సంస్థ యూకాస్ట్ పట్టిక అలాగే చెబుతుంది. అందుకే రిపోర్టు ఏ పట్టిక ప్రకారం ఇచ్చారో అడగాలి. మన ల్యాబుల్లో చాలామంది ఆ సంగతి రాయనే రాయరు, అది మా వాళ్ల తప్పే.

మందులచీటి: ఎస్ ఉన్న మందు చేతిలో ఉండగా సిప్రో మోతాదు ఎందుకు పెంచాలి? కండరాల్ని ఎముకలకి కలిపే స్నాయువులు దెబ్బతినే ప్రమాదం లాంటివి ఉన్నాయని, వేరే దారి ఉన్నప్పుడు మామూలు యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి ఆ తరగతి మందులు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే హెచ్చరించింది. గోదారిగట్టు గారూ, అమ్మగారికి చలిజ్వరం గానీ, డొక్కలో నొప్పి గానీ ఉందా? కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ చూశారా?

గోదారిగట్టు: జ్వరం లేదండీ, మంట ఒక్కటే. క్రియాటినిన్ చేయించలేదు. ఎందుకు?

మందులచీటి: నైట్రోఫ్యూరంటాయిన్ కిడ్నీ కండలోకి సరిగ్గా చేరదు. ఇన్‌ఫెక్షన్ పైకి పాకితే రిపోర్టులో ఎస్ ఉన్నా అది చాలదు. కిడ్నీల పని బాగా తగ్గినవాళ్లలో మూత్రంలోకీ సరిపడా రాదు. ఈ రెండూ రిపోర్టు చెప్పదు. రేపు డాక్టరుగారిని అడిగి క్రియాటినిన్ చేయించండి. ఈలోగా జ్వరం వస్తే ఆగొద్దు.

మొండిఘటం: అయితే ఆ కాగితం రోగి చేతికివ్వడం దేనికో!