తాంబూలం సంచులకు ఏ గుడ్డ మంచిది?

ప్రశ్న (పటమట, విజయవాడ):
మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. తాంబూలం సంచులు నాలుగు వందల దాకా కావాలి. వన్‌టౌన్‌లో అడిగితే కాటన్‌వి ఖరీదు, రంగురంగుల నాన్ వోవెన్‌వి చవక అన్నారు. "ఇదీ గుడ్డేనండీ, ప్లాస్టిక్ కాదు" అంటాడు షాపతను. కాబోయే వియ్యపురాలుగారు కాటనే కావాలంటున్నారు. పర్యావరణానికి నిజంగా ఏది మేలు?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
నాన్ వోవెన్ ప్లాస్టిక్కేనండీ, పాలీప్రొపిలీన్. దగ్గరగా చూడండి, పడుగూ పేకా కనబడవు. అంతా చుక్కలు అద్దినట్టుంటుంది. అంచు కొంచెం కాల్చండి: కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. నూలు గుడ్డయితే బూడిదవుతుంది. చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా తక్కువ బరువున్న నాన్ వోవెన్ సంచులను 2021 సెప్టెంబరు 30 నుంచి నిషేధించారు కూడా.

అలాగని కొత్త కాటన్ సంచులు కొంటే పుణ్యమేమీ రాదు. పత్తికి ఎన్ని ఎరువులు, ఎన్నిసార్లు మందు కొట్టడం కావాలో మన జిల్లాలో చూస్తూనే ఉన్నాం. ఆపైన వడకడం, నేత, అద్దకం. డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో లెక్కగట్టింది: అక్కడి షాపుల్లో ఇచ్చే మామూలు ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే, వాతావరణం ఒక్కటే చూసినా కాటన్ సంచిని 52 సార్లు వాడాలి. అన్ని రకాల నష్టాలూ చూస్తే 7,100 సార్లు! అయితే బయట పారేసిన చెత్త వల్ల జరిగే నష్టం ఆ లెక్కలో లేదు. ఏలూరు కాలవ గట్టున, బందరు కాలవ గట్టున కవర్లు చూసినవాళ్ళెవరూ దాన్ని వదిలేయలేరు. కాబట్టి పలచటి కవర్లే నయమని నేననను.

నా బాధ వేరే. తాంబూలం సంచి జానెడుంటుంది, దాని మీద పెళ్ళివారి పేర్లు, ఫోటో. దాన్ని రైతు బజారుకు ఎవరు తీసుకెళ్తారు? కాటనైనా సరే, బీరువాలో పడుంటే దండగే. పేర్లు అచ్చు వేయించకండి. రెండు కిలోల కూరలు పట్టేంత చేయించండి.

జవాబు (కొత్తపేట, గుంటూరు):
నేను టైలర్ని. పాత నూలు చీరలు తెచ్చిస్తే కుట్టుకూలికే అయిపోతుంది, కొత్తగా పత్తి పండించే పనే లేదు. చిరుగులున్న భాగం తీసేసి, మిగతాది రెండు మడతలు వేసి కుడతాం. పిడిని అంచుకు అతికించి వదిలేయొద్దు, అడుగు దాకా కిందికి దించి కుట్టమనండి. బరువు పెడితే ముందు ఊడేది అక్కడే.

ప్రశ్న అడిగినవారు:
మా అత్తగారి మంగళగిరి చీరలు మూట కట్టి ఉన్నాయి. ఒకటి కుట్టించి వియ్యపురాలుగారికి చూపిస్తాను. పిడి ఎంత పొడుగు పెట్టించాలి?

జవాబు (కొత్తపేట):
భుజానికి తగిలించుకునేంత ఉంచండమ్మా, చేత్తో పట్టుకున్నా సంచి నేలకు తగలకూడదు. చీరలు ముందు ఉతికి ఆరేసి తెండి.