ఒక్కరోజు విహారం: భోజనం ఇంటి నుంచి మోసుకెళ్లాలా, దారిలో తినాలా?

తూరుపుగాలి:
వచ్చే ఆదివారం మా ఇంటిల్లిపాదీ, మొత్తం ఎనిమిది మందిమి, ఊరికి దూరంగా ఉన్న ఒక చెరువు దగ్గరకు వెళ్లి చీకటిపడేలోగా తిరిగి రావాలనుకుంటున్నాము. ఒకవైపు ప్రయాణమే రెండున్నర గంటలు. మా వాళ్లకు విహారమంటే సగం తిండే, అందుకే పేచీ కూడా అక్కడే వచ్చింది. వండి పట్టుకెళ్దామని కొందరు, దారిలో మంచిచోట ఆగి తిందామని కొందరు పట్టుబడుతున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మూతగిన్నె:
ఇంటి వంటే తీసుకెళ్లండి. నేను చాలా ఏళ్లుగా అదే చేస్తున్నాను. ఆకలి వేసినచోట చెట్టు నీడ చూసుకుని చాప పరిస్తే చాలు, ఎవరి కోసమూ ఎదురు చూడనక్కరలేదు.

మైలురాయి:
మూతగిన్నె గారి సలహాతో నేను ఏకీభవించలేను. ఉదయం ఆరింటికి వండినది మధ్యాహ్నం పన్నెండున్నరకు తింటే ఆరున్నర గంటలు గడిచినట్టు. వండిన పదార్థాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది, ఎందుకంటే 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు చాలా వేగంగా పెరుగుతాయి. అన్నం సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. అందులో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, అన్నం గోరువెచ్చగా ఉండిపోతే మేల్కొని పెరుగుతాయి, వాంతులు తెప్పించే వాటి విషం మళ్లీ వేడి చేసినా విరగదు. ఇంట్లో వండామన్న నమ్మకం ఈ విషయంలో ఎవరినీ కాపాడదు.

మూతగిన్నె:
గది ఉష్ణోగ్రతలో అని మీరే రాశారు. వేడి నిలిపే డబ్బాలో ఉన్న పదార్థం గది ఉష్ణోగ్రతలో ఉన్నట్టు ఎలా అవుతుంది? ముందు డబ్బాలో సలసల కాగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి పారబోస్తాను. పొయ్యి మీద పొగలు కక్కుతున్నదాన్ని అలాగే అంచు వరకు నింపి మూత బిగిస్తాను, సగం ఖాళీగా ఉన్న డబ్బా తొందరగా చల్లారుతుంది కాబట్టి. తినేవరకు ఒక్కసారి కూడా మూత తీయను. దారిలో మీరు ఆగే చోట పెద్ద గిన్నెలో ఉన్నది ఎప్పుడు వండిందో మీకెవరు చెబుతారు?

మైలురాయి:
మీ డబ్బాలో తినేవేళకు 60 డిగ్రీల పైన ఉందని ఎప్పుడైనా థర్మామీటరు పెట్టి చూశారా?

మూతగిన్నె:
చూశాను. నింపిన ఆరు గంటల తరువాత 62 ఉంది.

మైలురాయి:
ఒకే ఒక్కసారి చూసి ఉంటారు. బరువైన డబ్బాలో అంచు వరకు నింపిన అన్నం ఒక ఎత్తు, చిన్న గిన్నెల్లో సర్దిన మిగతా పదార్థాలు ఒక ఎత్తు.

వెనకసీటు:
మీ ఇద్దరూ డిగ్రీల దగ్గరే ఆగిపోయారు. మా పిల్లలకు బండి కదిలితే వాంతులు. శరీరం కదులుతోందని లోపలి చెవి చెబుతుంది, ఫోను మీద నిలిచిన కళ్లు కదలడం లేదని చెబుతాయి, ఆ రెండింటికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. కడుపు నిండా నూనె పదార్థాలు తినిపించి ఎక్కిస్తే మరీ ఎక్కువవుతుంది. వండినదైనా కొన్నదైనా, వెళ్లేటప్పుడు కొద్దిగా పెట్టి, అసలు భోజనం చేరాక పెట్టండి.

నిదానం:
బండి నడిపేవారి గురించి కూడా ఆలోచించండి. మధ్యాహ్నం పూట ఎలాగూ మత్తు కమ్ముతుంది, దానికి భారీ భోజనం తోడైతే ప్రమాదం. తిన్నాక ఇరవై నిమిషాలు కునుకు తీయనివ్వండి.

మైలురాయి:
అవి మంచి మాటలే, కాని అసలు ప్రశ్నకు అవి జవాబు కావు. ఏళ్ల తరబడి అదే చేస్తున్నానంటున్న మూతగిన్నె గారిని సూటిగా అడుగుతున్నాను. ఆ వంట మీరు చేశారా, మీ ఇంట్లో ఇంకెవరైనా చేస్తే మీరు డబ్బాకు మూత పెట్టారా?

మూతగిన్నె:
నేనే చేస్తాను. మీరు నన్ను ఎరగరు. తెలియని మనిషి ఇంటి గురించి ఇలా నోరు పారేసుకోవడం మర్యాద కాదు.

మైలురాయి:
మర్యాద తప్పితే క్షమించండి, కాని ప్రశ్నను వెనక్కి తీసుకోను. నా చిన్నప్పుడు మేము వెళ్లిన ప్రతి విహారానికీ మా అమ్మ రాత్రి మూడింటికి లేచి వండేది, అక్కడికి వెళ్లాక అందరికీ వడ్డించి చివర తినేది, మేము నీళ్లలో ఆడుకుంటుంటే గిన్నెలు కడిగేది. ఒకసారి జలపాతం దగ్గర తీసిన ఫొటోలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో మా అమ్మ ఎక్కడా లేదు. ఒక్కదాని అంచున మాత్రం గరిటె పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. అమ్మ ఆ జలపాతాన్ని చూసిందో లేదో అడిగే అవకాశం కూడా ఇప్పుడు లేదు.

మూతగిన్నె:
ఇప్పుడు మీ కోపం అర్థమైంది, నా సంగతి కూడా వినండి. మా నాన్నగారు భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుంటారు. కొన్నేళ్ల క్రితం వెళ్లిన విహారంలో, ఎదురుగా బోర్డు కనిపించేసరికి ఇక ఆగుతామనుకుని బండిలోనే వేసుకున్నారు. అక్కడ రద్దీగా ఉందని, ముందు ఇంకా మంచిది దొరుకుతుందని మేము మూడు చోట్లు దాటేశాము. ముప్పావు గంటకు ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణికాయి, నన్ను తమ్ముడి పేరుతో పిలిచారు. రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గితేనే ప్రమాద సూచన, ఆయనకు 52 ఉంది. అటువంటప్పుడు వెంటనే పదిహేను గ్రాముల చక్కెర ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలని నాకు తెలుసు. కాని బండిలో నీళ్లు తప్ప ఏమీ లేవు. రోడ్డు పక్కన ఆగిన మరో కుటుంబం తమ పాప చేతిలోని పళ్లరసం ఇచ్చింది. ఆ తరువాత మా నాన్నగారు ఏ ప్రయాణానికి పిలిచినా "మీరు వెళ్లి రండి" అనేవారు. నేను వంట నేర్చుకున్నది అందుకే.

మైలురాయి:
మీ నాన్నగారికి సమయానికి భోజనం కావాలి, అందులో వాదన లేదు. అలాగైతే ఆయన ఒక్కరి భోజనమూ, బండిలో కొంత చక్కెరా పెట్టుకుంటే సరిపోతుంది కదా? దాని కోసం ఎనిమిది మందికి వండాలా?

మూతగిన్నె:
ఒకసారి అలాగే చేశాను. మేమంతా లోపల బల్ల దగ్గర కూర్చున్నాము, ఆయన బండిలో డబ్బా తెరుచుకుని ఒంటరిగా తిన్నారు. మళ్లీ అలా చేయను.

మైలురాయి:
అది నిజంగా కష్టమే. అయినా వండే మనిషి ఆ రోజంతా వడ్డిస్తూ ఉండిపోతే ఆ మనిషిదీ ఒంటరి భోజనమే. మీ ఇంట్లో మీరు ఇష్టపడి చేస్తున్నారు. చాలా ఇళ్లలో ఆ ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు.

తూరుపుగాలి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇది చదివాక మా అత్తగారి దగ్గరకు వెళ్లి మాత్రలు ఎన్నింటికి వేసుకుంటారని అడిగాను. పన్నెండింటికి తిన్న వెంటనే అన్నారు. ఇన్నిసార్లు కలిసి వెళ్లాము, ఆ మాట ఎవరమూ అడిగి ఉండలేదు. కాబట్టి బండి పన్నెండింటికి ఎక్కడున్నా ఆగుతుంది. వంట ఎవరు చేయాలన్నది మాత్రం తేలలేదు, ఈ రాత్రి అందరమూ కూర్చుని మాట్లాడుకుంటాము. మూతగిన్నె గారూ, ఎనిమిది మందికి ఎంత పెద్ద డబ్బా కావాలో చెప్పగలరా?