మండువా లోగిలిని నిలుపుకోవడమా, పడగొట్టడమా?

ప్రశ్న: కోనసీమలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలిలోనే, అంటే నడుమ పైకప్పు లేని వాకిలి ఉండే పాతకాలపు పెంకుటింట్లోనే, నేను, మా అమ్మగారు ఉంటున్నాము. 1996 నవంబరు తుపానులో కొబ్బరి చెట్లు నేలకొరిగిన రాత్రి ఇరుగుపొరుగు వారంతా తలదాచుకున్న ఇల్లు ఇది. ఇప్పుడు గోడలు చెమ్మగిల్లుతున్నాయి, పెంకులు సర్దే పనివారు దొరకడం లేదు. పడగొట్టి డాబా వేద్దామని అన్నదమ్ములు అంటున్నారు. వానధార మండువాలో పడే చప్పుడు వింటూ పెరిగినదాన్ని, ఒప్పుకోలేకపోతున్నాను. మీరైతే ఏమి చేస్తారు?

జవాబు: ఆ గోడలకు ఎవరైనా సిమెంటు పూత పూయించారేమో ముందుగా చూడండి. సున్నంతో కట్టిన గోడ తాను పీల్చుకున్న తేమను మళ్ళీ గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే నిలిచి ఇటుకను తినేస్తుంది. మా ఇంట్లో ఆ పూత చెక్కించి సున్నం వేయించాక, రెండు వేసవులకు గోడ ఆరింది.

మరో జవాబు: నేను హైదరాబాదులో అయిదో అంతస్తులో ఉంటున్నాను, ఈ ఇల్లూ నాకు ఇష్టమే. అయినా మా లోగిలి పడగొట్టిన రోజున తెచ్చుకున్న గడప చెక్కను, దాని మీది పసుపు మరకలతో సహా, ఇప్పటికీ దాచుకున్నాను. అమ్మగారు ఉన్నంతకాలం ఆ ఇంటి జోలికి వెళ్ళవద్దని నా మనవి.

ప్రశ్న అడిగినవారు: పడమటి గోడకు సిమెంటు పూత ఉన్నది. సంక్రాంతి వెళ్ళగానే చెక్కిస్తాను.