వర్క్ ఫ్రమ్ హోమ్: లాగౌట్ అయ్యాక కూడా బుర్ర ఆగట్లేదు, ఏం చేయాలి?

గదిమూల:
పని, పడక రెండూ ఒకే గదిలో. సాయంత్రం 7కి ల్యాప్‌టాప్ మూసినా, సగంలో వదిలేసిన పనులు, రేపటి మీటింగులు రాత్రి దాకా తలలో తిరుగుతూనే ఉంటాయి. మంచమెక్కినా గంటకు గానీ నిద్ర పట్టదు. గది మార్చే వీల్లేదు. "ధ్యానం చేయండి, బ్రేకులు తీసుకోండి" అని కాకుండా, ఎప్పుడు ఏం చేయాలో కచ్చితంగా చెప్పగలరా?

చివరి_పావుగంట:
ఆఫీసుకెళ్లేవాళ్లకి ఇంటికొచ్చే దారిలోనే పని దిగిపోతుంది. మీకు ఆ దారి లేదు కాబట్టి కావాలని పెట్టుకోవాల్సిందే. లాగౌట్‌కి 15 నిమిషాల ముందు ఎవరూ మీటింగ్ పెట్టకుండా క్యాలెండర్ బ్లాక్ చేయండి. అప్పుడు కొత్త మెయిల్ తెరవొద్దు. మిగిలిన ప్రతి పనికీ ఒక్క లైను: ఎక్కడ ఆగింది, రేపు మొదట ఏం చేయాలి. "రిపోర్ట్ పూర్తి చేయాలి" అని రాస్తే లాభం లేదు, అది మళ్లీ బుర్రకెక్కుతుంది. "మూడో టేబుల్లో అంకెలు సరిచూడాలి, 10 గంటలకి" అని రాస్తే వదిలేస్తుంది.

ఇది ఉత్త సలహా కాదు. 2018లో వచ్చిన ఒక స్లీప్ ల్యాబ్ ప్రయోగంలో, పడుకునే ముందు 5 నిమిషాలు చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. లిస్టు ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా.

రాయడం అయ్యాక ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో పెట్టకుండా షట్‌డౌన్ చేసి, ఛార్జర్, మౌస్‌తో సహా కంటికి కనబడని చోట పెట్టేయండి. వెంటనే చెప్పులేసుకుని ఓ 15 నిమిషాలు బయట నడిచి రండి.

మంచం_నిద్రకే:
పై పద్ధతంతా చేసినా, మంచం మీద కూర్చుని కాల్స్ మాట్లాడుతుంటే నిద్ర సంగతి తేలదు. 1972లో బూట్‌జిన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ నిద్రలేమి చికిత్సలో వాడుతున్నారు: మంచం నిద్రకి మాత్రమే. సుమారు 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతుర్లో కుర్చీలో కూర్చోండి. కళ్లు మూతలు పడుతుంటేనే వెనక్కి రండి. గడియారం చూడొద్దు, అందాజుగా చాలు. ఎంత ఆలస్యంగా పడుకున్నా లేచే టైము మార్చొద్దు. చాలామంది ఇక్కడే జారిపోతారు, ఎందుకంటే ఇంట్లో పనైతే లాగిన్‌కి 5 నిమిషాల ముందు లేచినా నడిచిపోతుంది.

కాఫీలోని కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం 2 తర్వాత మానేయండి. లేచిన గంటలోపు ఓ అరగంట ఆరుబయట ఉండండి. గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురు కొలమానం) దాటదు, మబ్బు పట్టినా బయట వేలల్లో ఉంటుంది. ఒంట్లో గడియారం దిద్దుకునేది దాన్ని చూసే.

బ్యాడ్జ్_ఆఫ్:
ఇద్దరూ ఫోన్ సంగతి వదిలేశారు. మ్యూట్ చేస్తే సరిపోదు. యాప్ మీద ఎర్రటి అంకె కనబడితే వేలు దానికదే వెళ్తుంది, బ్యాడ్జ్ కూడా తీసేయండి. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్స్‌ని విడిగా ఉంచే ఏర్పాటు) ఉంటే బ్రీఫ్‌కేస్ గుర్తున్న యాప్స్ అన్నీ ఒకేసారి పాజ్ చేయొచ్చు. ఐఫోన్‌లో నోటిఫికేషన్లు ఆపే ఫోకస్ మోడ్‌కి టైము పెట్టండి. ముందుగా టీమ్‌తో ఒక మాట అనుకోండి: అర్జెంటైతే ఫోన్ కాల్, మెసేజ్ అయితే రేపు. అది లేకుండా ఆపేస్తే "ఏం మిస్సవుతున్నానో" అని మరింత గాభరా.

ఇంకొకటి. రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే ఇది రొటీన్‌తో తీరేది కాదు, డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే.

గదిమూల:
థాంక్సండీ. దిగులు లేదు, నిద్రే సమస్య. మరి ఆన్-కాల్ వారంలో, అంటే ఏ వేళ అలర్ట్ వచ్చినా నేనే చూడాల్సిన వారంలో, ఫోన్ ఆపలేను కదా?

బ్యాడ్జ్_ఆఫ్:
అలర్ట్ యాప్ ఒక్కదానికే అనుమతి ఇచ్చి, ఇంకెక్కడా వాడని రింగ్‌టోన్ పెట్టండి. చాట్, మెయిల్ ఆ వారం కూడా పాజ్‌లోనే. ఆ మోత రాలేదంటే ఫోన్ తీసి చూడక్కర్లేదు. వారం మొదట్లో ఒక టెస్ట్ అలర్ట్ పంపి, సైలెంట్‌లో ఉన్నా మోగుతోందో లేదో చూసుకోండి. ఆ నమ్మకం కుదరకపోతే రాత్రంతా స్క్రీన్ చూస్తూనే ఉంటారు.